టీవీలో గాజుల చప్పుడు

దాదర్, బొంబాయి
జూన్ 1985

మా యాకమ్మ వదినకు,

ఆడబిడ్డ సరస్వతి దండాలు. దండాలు ముందే ఎందుకు పెడుతున్నానంటే, తర్వాత తిట్టబోతున్నాను కాబట్టి. నేను కొత్తవాడ వదిలి ఈ ఊరికి వచ్చి ఏడాది దాటింది. నువ్వు రాసే ఉత్తరంలో అమ్మ మోకాళ్లు ఉంటాయి, ఉల్లిగడ్డ ధర ఉంటుంది, పక్కింటి మల్లక్క మేక కూడా ఉంటుంది. నీ సంగతి మాత్రం ఒక్క ముక్క ఉండదు. ఇంకోసారి అట్లా రాస్తే టపా ఖర్చులు నీ దగ్గరే వసూలు చేస్తాను.

ఇక అసలు ముచ్చట. నేను పనిచేసే చేనేత దుకాణంలో మన కొత్తవాడ శత్రంజీలకు, అదే ఇక్కడివాళ్లు నేల మీద పరుచుకునే జంపఖానాలకు, ఒక మూల ఇచ్చారని రాశాను కదా. ఇప్పుడు ఆ మూలకు ఎంత సోకు వచ్చిందో చూడాలి. గోడకు చెక్క పలకలు కొట్టి, మధ్యలో కిటికీ లాగా కోసి, అందులో టీవీ బిగించారు. కింది అరలో వీడియో మిషన్ ఉంటుంది. మీ సొసైటీ పంపిన క్యాసెట్ పొద్దున పెట్టానంటే దుకాణం మూసేదాకా అన్న నేస్తూనే ఉంటాడు. అయిపోగానే వెనక్కి తిప్పి మళ్లీ పెడతాను. ఆ తిప్పడమే నా ఉద్యోగంలో సగం.

ముఖం పడలేదు. అన్న సిగ్గు నాకు తెలియనిదా! మోచేతుల నుంచి వేళ్ల దాకానే కనబడుతుంది. నీలం చారల నిండు చేతుల చొక్కా, ఎర్ర నూలు, పేక దింపే ఇనుప పంజా. అంతే. దానికే జనం నడుస్తూ నడుస్తూ ఆగిపోతున్నారు. నిన్న ఒక పార్శీ ముసలమ్మ కుర్చీ తెప్పించుకుని మరీ చూసి, "ఈ చేతులు నేసిందే కావాలి" అని పట్టుబట్టింది. మా మేనేజరమ్మ టీవీ కింద బోర్డు కూడా రాయించింది, 'కొత్తవాడ కొమురెల్లి' అని. వచ్చిన ప్రతివాళ్లకూ "ఈయన మా అన్న" అని గుండెల మీద చేయి వేసుకుని చెబుతున్నాను. చెప్పినప్పుడల్లా నాకు రెండు అంగుళాలు పొడుగు పెరిగినట్టు ఉంటుంది.

ఒక్క సందేహం. పంజా కొట్టాక అన్న రెండు వేళ్లతో పడుగును అట్లా మీటి వదులుతాడు. ఈ అలవాటు ఎప్పుడు వచ్చింది? నేను ఉన్నప్పుడు లేదే!

నీ ఆడబిడ్డ,
సరస్వతి


కొత్తవాడ, వరంగల్
జూలై 1985

సరస్వతికి,

వదిన యాకమ్మ దీవెనలు. నీ తిట్లు ముట్టాయి, మల్లక్క మేకకు కూడా చెప్పాను. ఉల్లిగడ్డ ధర ఈసారి రాయను, తగ్గింది.

నీ ఉత్తరం మీ అన్నకు చదివి వినిపించాను. చేతుల ముచ్చట వచ్చేసరికి లేచి బయటికి పోయి, ఎండిన నూలును మళ్లీ ఎండబెట్టాడు. అత్తమ్మ సంగతి వేరే. కూరగాయల దగ్గరికి పోయినా, రేషన్ లైన్లో నిలబడ్డా ఒకటే మాట. "నా కొడుకు బొంబయిల టీవీల పడ్డడు. మీ కొడుకులు పడ్డరా?" అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతున్నది. మీ అమ్మ లక్ష్మీనర్సమ్మ కొడుకు అంటే ఇప్పుడు కొత్తవాడలో మున్సిపల్ మెంబరు కంటే ఎక్కువ.

మీటే అలవాటు అంటావా? ఒక్కొక్కరికి ఒక్కో అలవాటు వస్తుంది. నువ్వు వచ్చినవాళ్లకు శత్రంజీలు అమ్ము, మీ అన్న వేళ్లు చూసుకుంటూ కూర్చోకు.

నా సంగతి రాయమన్నావు. ఏముంది రాయడానికి? పొద్దున లేస్తే కండెలు చుడతాను, మధ్యాహ్నం కండెలు చుడతాను. మీ అమ్మ నియమం నీకు ఎరుకే. ఇంటి కోడలు మగ్గం గుంటలో కాలు పెట్టొద్దు. మా నాయనకు మగపిల్లలు లేక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేత నేర్పాడు. పెళ్లయిన నాటి నుంచి అది మరిచిపోయినట్టే లెక్క.

ఒక్కటి మాత్రం మనసారా రాస్తున్నాను. మీ టీవీ పుణ్యమా అని సొసైటీ మళ్లీ చేతినిండా పని ఇస్తున్నది. మీ అన్న భివండి పోయి పవర్‌లూమ్ నడుపుతానన్న మాట ఎత్తడం మానేశాడు. మల్లక్క మొగుడు మొగిలి అక్కడికి పోయి నాలుగేళ్లయింది. ఏడాదికొకసారి దగ్గుకుంటూ వస్తాడు, దగ్గుకుంటూ పోతాడు. ఆ వాకిలి చూసినప్పుడల్లా నా వాకిలి అట్లా కావద్దని మొక్కుకుంటాను. నీ టీవీని జర జాగ్రత్తగా చూసుకో.

మీ వదిన,
యాకమ్మ


దాదర్, బొంబాయి
సెప్టెంబరు 1985

వదినా,

కొంప మునిగింది. మునగడం అంటే నిజంగానే, చదువు.

మా దుకాణానికి కొత్త వీడియో మిషన్ వచ్చింది. పాతదానికి ఏ రోగమూ లేదు. అది పాతది, అదొక్కటే దాని తప్పు. బొంబాయంతా ఇప్పుడు పెద్ద క్యాసెట్లకు మారిపోతున్నదట, చిన్న క్యాసెట్ల మిషన్ ఇంకా పెట్టుకుంటే మనల్ని పల్లెటూరి వాళ్లంటారట. మేనేజరమ్మ మురిసిపోతూ పాత మిషన్ ఎవరికో ఇచ్చేసింది. మన క్యాసెట్ చిన్నది. కొత్త మిషన్ నోరు పెద్దది. నేను ఆగుతానా? మెల్లగా లోపలికి తోశాను. అది కాస్తా లోపల పడిపోయింది. తీయడానికి మెకానిక్ వచ్చి, "బహెన్జీ, ఇది డబ్బా కాదు, తోచింది వేయడానికి" అని అందరి ముందూ అన్నాడు.

క్యాసెట్ బాగానే ఉంది, ఫికర్ పడకు. కానీ ఆడదు. అన్న నేసే కిటికీలో ఇప్పుడు సోలాపూర్ దుప్పట్ల సినిమా ఆడుతున్నది. వాళ్ల దగ్గర పెద్ద క్యాసెట్ తయారుగా ఉంది. మన శత్రంజీల ముందు నిలబడి జనం దుప్పట్లు చూస్తున్నారు! నాకు ఏడుపొచ్చింది వదినా. పార్శీ ముసలమ్మ వచ్చి, ఖాళీ చేతులతో పోయింది. మేనేజరమ్మ తేల్చి చెప్పింది. ఏడాది ఆఖరుకల్లా మన సినిమా కొత్త మిషన్లో ఆడాలి, లేకుంటే ఆ మూల దుప్పట్లకు రాసిచ్చేస్తుంది.

మా ఇంటాయన వెంకట్రాజం దోస్తు ఒకడు కాజీపేటకు వస్తున్నాడు. అతని చేతికి క్యాసెట్ ఇచ్చి పంపుతున్నాను. ఈ సినిమా తీసింది ఖాజా పాషా అన్నే కదా, పెళ్లిళ్లకు వీడియో తీసే ఆయన దగ్గర ఏదో ఉపాయం ఉండే ఉంటుంది. పెద్ద క్యాసెట్లోకి ఎక్కించి పంపమని చెప్పు. తొందర పెట్టు. కాళ్లు పట్టుకుంటావో, బిర్యానీ వండి పెడతావో నీ ఇష్టం.

సరస్వతి


కొత్తవాడ, వరంగల్
అక్టోబరు 1985

సరస్వతికి,

క్యాసెట్ ముట్టింది. నీ కబురు కూడా ముట్టింది, దానికంటే ముందే దాని దెబ్బ ముట్టింది. బొంబాయి నుంచి అడగడం లేదని సొసైటీ పని సగానికి తగ్గించింది. మీ అన్న అటక మీది రేకు పెట్టె దింపి తుడిచాడు. భివండి ప్రయాణం మళ్లీ మనసులోకి వచ్చిందన్నమాట. దసరాకు కట్టుకోవాల్సిన కొత్త ధోవతి అందులో మడిచి పెట్టాడు. నేను తీశాను. ఆయన మళ్లీ పెట్టాడు. ఇద్దరం మాట్లాడుకోకుండా ఆ ధోవతితోనే కొట్లాడుకుంటున్నాం.

హనుమకొండ చౌరస్తాలో ఖాజా పాషా అన్న దుకాణానికి నేనే పోయాను. ఆయన చిన్న మిషన్, పెద్ద మిషన్ పక్కపక్కన పెట్టి మధ్యలో వైర్లు గుచ్చాడు. ఇందులో ఆడుతుంటే అందులో పడుతుందట.

"ఫికర్ చెయ్యకు చెల్లె. నీ బొంబాయోళ్లు ఎన్ని మిషన్లు మార్చినా నా తాన వైరున్నది" అన్నాడు.

కొంచెం ఆడగానే ముఖం చిట్లించి, "సౌండ్ జర తక్కువున్నది. పెంచి పెడ్తాన" అన్నాడు.

"వద్దన్నా, ఉన్నకాడికి చాలు" అన్నాను.

"గట్లెట్ల? పంజా చప్పుడు ఠంగుమని ఇనబడాలె. బొంబాయి దద్దరిల్లాలె" అని గుండీ తిప్పాడు. దోస్తు కోసం, అంటే మీ అన్న కోసం, చేస్తున్న పని, ఆయనను ఆపడం ఎవరి తరం! డబ్బులు ఇయ్యబోతే కోపానికి వచ్చాడు.

ఇక మీ అమ్మ. కొడుకు టీవీలో నుంచి మాయమయ్యాడని విని రెండు పూటలు అన్నం ముట్టలేదు. మూడో పూటకు మేడారం తల్లులకు మొక్కింది. "ఆ టీవీల మళ్ల నా కొడుకు చేతులు ఆడితే, వచ్చే జాతరకు నా కొడుకును తక్కెట్ల కూసోబెట్టి నిలువెత్తు బంగారం ఇస్త" అని. సమ్మక్క సారలమ్మలకు బంగారమంటే బెల్లమే కాబట్టి బతికిపోయాం. అయినా ఆ మొక్కు విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఎందుకని అడగకు.

పెద్ద క్యాసెట్ పంపుతున్నాను. ఆడాలని నేనూ మొక్కుకుంటున్నాను, బెల్లం లేకుండా.

యాకమ్మ


దాదర్, బొంబాయి
డిసెంబరు 1985

బంగారు వదినా,

ఆడింది! ఆడింది! ఆడింది!

సోలాపూర్ దుప్పట్లు వాటి మూలకు అవి పోయాయి. కిటికీలో మళ్లీ నీలం చారల చొక్కా, ఎర్ర నూలు. మేనేజరమ్మ మిషన్‌తో పాటు టీవీ కూడా మార్చింది. పాత టీవీ గొంతు చెక్క పలక వెనకాల మూలిగేది. దీని గొంతు ముందుకే ఉంది. పంజా దెబ్బ పడితే దుకాణం అవతలి నుంచి తిరిగి చూస్తున్నారు. ఖాజా పాషా అన్న నోటిలో చక్కెర పోయ్. పార్శీ ముసలమ్మకు కబురు పెట్టాను. వచ్చింది, రెండు శత్రంజీలు పట్టుకుపోయింది. అన్నతో చెప్పి ఆ రేకు పెట్టె అటకెక్కించు.

అయితే వదినా, ఒక వింత. కొత్త టీవీలో పంజా చప్పుడు ఒక్కటే కాదు, ఇంకో చప్పుడు కూడా వినబడుతున్నది. ఠంగుమని పంజా పడుతుంది, వెంటనే సన్నగా గల్లుమంటుంది. మళ్లీ ఠంగు, మళ్లీ గల్లు. పాత టీవీలో ఇది ఎప్పుడూ వినలేదు. నిన్న ఒక గుజరాతీ పెళ్లికూతురు చీర బేరం ఆపి నవ్వుతూ అడిగింది, "మీ అన్న గాజులు వేసుకుంటాడా?" అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత మళ్లీ తిప్పి విన్నాను. అవి గాజులే వదినా.

ఏమిటది?

సరస్వతి


కొత్తవాడ, వరంగల్
డిసెంబరు 1985

సరస్వతికి,

ఆడుతున్నందుకు సంతోషం. పెట్టె అటకెక్కింది, ధోవతి మీ అన్న నడుముకెక్కింది.

ఆ చప్పుడు మల్లక్క మేకది. సినిమా తీసిన రోజు అది వాకిట్లోనే కట్టేసి ఉంది. దాని మెడలో గజ్జెలు ఉంటాయి. ఇక్కడ అందరం క్షేమం. పొయ్యి మీద పప్పు మాడుతున్నది, ఉంటాను.

యాకమ్మ


దాదర్, బొంబాయి
జనవరి 1986

వదినా,

మీ మల్లక్క మేక మామూలు మేక కాదు. పంజా పడిన ప్రతిసారీ తాళం తప్పకుండా మెడ ఊపుతున్నది. దాన్ని ఇక్కడికి పంపు, బొంబాయిలో బ్యాండుమేళం వాళ్లు ఎగరేసుకుపోతారు.

నవ్వు అయిపోయింది. ఇప్పుడు విను.

కొత్త మిషన్‌కు ఒక గుండీ ఉంది. నొక్కితే బొమ్మ కదలకుండా నిలబడుతుంది. నిన్న దుకాణంలో ఎవరూ లేని వేళ చూసి నొక్కాను. చేయి ముందుకు చాచినప్పుడు చొక్కా చేయి కొంచెం వెనక్కి జరుగుతుంది. అక్కడ ఆపాను. ముంజేతి మీద పచ్చబొట్టు. తేలు బొమ్మ. తోక కొంచెం వంకర.

ఆ తోక ఎందుకు వంకరో నాకు తెలుసు. నా పెళ్లికి ముందు మేడారం జాతరలో మనిద్దరం పక్కపక్కన కూర్చుని పచ్చబొట్లు పొడిపించుకున్నాం. సూది గుచ్చగానే నేను కెవ్వుమని నీ మీద పడ్డాను. నీ తేలు తోక వంకరపోయింది. ఇన్నాళ్లూ అది చూపించి నన్ను దెప్పుతూనే ఉన్నావు.

ఏడు నెలలుగా గుండెల మీద చేయి వేసుకుని "మా అన్న, మా అన్న" అని బొంబాయంతా చెప్పాను వదినా. ఊరివాళ్లకు చెప్పకపోతే చెప్పకపోయావు, నాకు కూడా మేక కథ చెబుతావా? కోపం వచ్చింది. తర్వాత ఆ బొమ్మ వంక చాలాసేపు చూశాను. ఆ చేతులు ఎంత బాగున్నాయో! కోపం నిలబడలేదు. నిలబడాలని చాలా ప్రయత్నించాను.

మేనేజరమ్మకు కూడా అనుమానం వచ్చింది. నన్ను పిలిచి మెత్తగానే అన్నది. "బోర్డు మీద ఒకరి పేరు, టీవీలో ఇంకొకరి చేతులు అయితే నా దుకాణం మాట పోతుంది. అసలు సంగతి కనుక్కో. తేడా ఉంటే ఆ మూల ఉంచను" అని. మూడు నెలల గడువు అడిగాను.

అసలు ఏం జరిగింది? ఈసారి పప్పు దింపి వచ్చి రాయి.

సరస్వతి


కొత్తవాడ, వరంగల్
ఫిబ్రవరి 1986

సరస్వతికి,

పప్పు దింపాను. తలుపు కూడా వేశాను. అత్తమ్మ మేడారం పోవడానికి ఎడ్లబండి మాట్లాడడానికి పోయింది, మీ అన్న సొసైటీకి పోయాడు.

ఆ రోజు ఖాజా పాషా అన్న పొద్దున్నే కెమెరా, లైటు పట్టుకుని వచ్చాడు. సొసైటీ వాళ్లకు సాయంత్రంకల్లా క్యాసెట్ కావాలట. అత్తమ్మ చుట్టాలింటికి పోయి ఉంది. మీ అన్న తలస్నానం చేసి, నీలం చొక్కా వేసుకుని మగ్గంలో కూర్చున్నాడు. లైటు వెలిగింది. అంతే, ఆయన చేతులు బిగుసుకుపోయాయి. పేక ఒకచోట పోవాల్సింది ఇంకోచోట పోయింది. పంజా కొడితే పడుగు తెగింది. అతికి మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ తెగింది. చెమటతో చొక్కా వీపుకు అతుక్కుపోయింది. పదేళ్ల వయసు నుంచి నేసిన మనిషి, ఒక లైటు ముందు పిల్లవాడి లాగా కూర్చున్నాడు.

ఖాజా అన్న గోడ వంక చూస్తూ అన్నాడు. "చేతులే పడుతయి గద. ఎవ్వలి చేతులైతేంది?"

మీ అన్న నా వంక చూశాడు. నాకు నేత వచ్చని ఆయనకు తెలుసు. ఆయనకు జ్వరం వచ్చినప్పుడు, మీ అమ్మ ఇంట్లో లేని వేళ, నేనే పోగులు దింపేదాన్ని. చొక్కా విప్పి ఇచ్చాడు. "మా అమ్మకు ఎరుక కావద్దు" అని మగ్గం మీద చేయి వేయించి ఒట్టు పెట్టించుకున్నాడు.

గాజులు తీయమన్నాడు ఖాజా అన్న. "మెడల పుస్తె ఉండంగ గాజులెట్ల తీస్తరన్నా?" అన్నాను. గాజులను మోచేతి దాకా తోసి, పాత గుడ్డతో చుట్టి, పైన చొక్కా చేయి దించుకున్నాను. పని వేగంలో గుడ్డ ఎప్పుడు జారిందో నాకు తెలియదు. మీటడం మా నాయన అలవాటు. పడుగు బిగువు చూసుకోవడానికి ఆయన అట్లాగే మీటేవాడు.

సరస్వతీ, నిజం చెప్పనా? మగ్గంలో కూర్చున్న ఆ కాసేపు నాకు పండుగ లాగా ఉంది. నీ ఉత్తరంలో పార్శీ ముసలమ్మ ముచ్చట చదివిన రోజు, కండెలు చుడుతూ చుడుతూ నాలో నేనే నవ్వుకున్నాను. నా పేరు రాయాలని కోరలేదు. నా మనిషి నా వాకిట్లో ఉంటే చాలనుకున్నాను.

కానీ ఇప్పుడు మొక్కు వచ్చి మెడకు పడింది. ఆ చేతులు టీవీలో ఆడితే తన కొడుకును తూచి ఇస్తానని అత్తమ్మ తల్లులకు మాట ఇచ్చింది. ఆడిన చేతులు ఆయనవి కావు. మనుషుల ముందు మేక కథ చెప్పగలను గానీ, తల్లుల గద్దెల ముందు తప్పుడు తూకం ఎట్లా పెట్టాలి? చెబితే నలుగురిలో మీ అన్న తల దించుకోవాలి. ఆయన పౌరుషం నీకు తెలుసు, సిగ్గుతో ఆ సాయంత్రమే భివండి రైలెక్కుతాడు. చెప్పకపోతే తల్లుల ముందు మేమందరం అబద్ధమాడినట్టు.

ఏం చేయను? నువ్వు చదువుకున్నదానివి, చెప్పు.

యాకమ్మ


దాదర్, బొంబాయి
ఫిబ్రవరి 1986

వదినా,

నా చదువు పదో తరగతి. అందులో ఈ పాఠం లేదు.

నువ్వు చెప్పమనకుండా నేను ఎవరికీ చెప్పను. మేనేజరమ్మ అడిగితే కాళ్లు నొప్పులని ఇంటికి వచ్చేస్తున్నాను. మూల పోతే పోనీ, ఇంకో దుకాణం వెతుకుదాం. అన్న ఇల్లు విడిచిపోవద్దు, నీ మనసులో ముల్లు ఉండొద్దు. రెండూ ఎట్లా కుదురుతాయో నాకు తోచడం లేదు. నువ్వు ఏది చేసినా నేను నీ పక్కనే అనుకో.

ఒక్కటి మాత్రం చేశాను. నిన్న ఎవరో "ఎవరివి ఈ చేతులు?" అని అడిగితే గుండెల మీద చేయి వేసుకున్నాను. నోటితో "మా వాళ్లవి" అన్నాను. మనసులో మాత్రం నీ పేరే అనుకున్నాను. అప్పుడు కూడా రెండు అంగుళాలు పొడుగు పెరిగాను.

సరస్వతి


కొత్తవాడ, వరంగల్
మార్చి 1986

సరస్వతికి,

మేడారం పోయి వచ్చాం. దుమ్ము ఇంకా జుట్టులోనే ఉంది, అయినా ముందు నీకే రాస్తున్నాను.

తోవ పొడుగునా చెబుదామని నోరు తెరుస్తూనే ఉన్నాను. తెరిచినప్పుడల్లా అత్తమ్మ అందులో ఇంత అటుకుల ముద్ద పెట్టింది, ఆకలి అనుకుని. జంపన్నవాగులో మునిగి లేచాక చెబుదామనుకున్నాను. జనంలో మీ అన్న ఒకవైపు, నేను ఒకవైపు కొట్టుకుపోయాం. మళ్లీ కలిసేసరికి బెల్లం దుకాణం ముందు ఉన్నాం.

పెద్ద తక్కెడ కట్టి ఉంది. ఒక పళ్లెంలో మనిషి, ఒక పళ్లెంలో బెల్లం. చుట్టూ మన కొత్తవాడ వాళ్లే సగం మంది. అత్తమ్మ పసుపు చల్లి, "కూసో బిడ్డా" అన్నది. మీ అన్న ఒక కాలు పళ్లెంలో పెట్టాడు. "అత్తమ్మా" అన్నాను. డప్పుల మోతలో అది నాకే వినబడలేదు.

మీ అన్న ఆ కాలు వెనక్కి తీశాడు.

"అమ్మా, ఆ టీవీల ఉన్నయి నా చేతులు కావే" అన్నాడు.

"ఏందిరా?"

"నాకు లైటు ముందట చేతులు ఆడలే. వణికిన. నేసింది యాకమ్మ. నేనే చెప్పొద్దని ఒట్టు పెట్టిచ్చిన. తల్లి ముందట నేను కూసోను."

కెమెరా ముందు చేతులు ఆడని మనిషి, అంత జాతరలో, కొత్తవాడ వాళ్లందరి ముందు, గొంతు వణకకుండా ఆ మాట అన్నాడు. సరస్వతీ, పెళ్లయిన ఇన్నేళ్లకు ఆ రోజు నాకు ఆయన మీద ఎంత ప్రేమ పుట్టిందో ఉత్తరంలో రాస్తే బాగుండదు. మీ ఆయన వెంకట్రాజం అన్న కూడా చదువుతాడు.

ఇక అత్తమ్మ అందుకుంది చూడు! "ఇన్ని దినాలు నన్ను పిచ్చిదాన్ని చేసిన్రు. ఊరంత కొడుకు కొడుకు అని చెప్పుకుంట తిరిగిన. ఇగ ఏ ముఖం పెట్టుకొని రేషన్ దుకాణానికి పోవాలె?" బెల్లం దుకాణం వాడు విసుక్కుని, "అమ్మా, ఎన్క మంది ఉన్నరు. ఎవ్వలు కూసుంటరో కూసోన్రి" అన్నాడు.

అత్తమ్మ నా చేయి పట్టుకుంది. చీర కొంగు తీసి ముంజేతి మీద దుమ్ము తుడిచింది. తేలు బొమ్మ చూసింది. గాజులు చూసింది.

"ఆడిన చేతులు ఎవ్వలియో వాళ్లే కూసోవాలె. మొక్కంటే మొక్కే. ఎక్కు" అన్నది.

కూర్చున్నాను. బెల్లం ముద్దలు వేస్తుంటే పళ్లెం లేవదు. ఇంకో ముద్ద, ఇంకో ముద్ద. "నా కొడుకు కంటే ఎక్కువనే తూగుతాంది" అని అత్తమ్మ అందరికీ వినబడేటట్టు గొణిగింది. మీ అన్న నవ్వాడు. మన వాళ్లందరూ నవ్వారు. నేను నవ్వుతూనే ఏడ్చాను. పక్కవాళ్లు తల్లి పూని శివమొచ్చిందనుకుని జరిగి చోటిచ్చారు.

ఇంటికి వచ్చాక మేనేజరమ్మకు అంతా చెప్పమని మీ అన్నే అన్నాడు. ఖాజా పాషా అన్న మళ్లీ తీశాడు, ఈసారి సొంత ఖర్చుతో. సౌండ్ పెంచిన తప్పుకు జరిమానా అట. కొత్త క్యాసెట్ పంపుతున్నాను. అందులో ఏముందో నేను చెప్పను, చూసుకో.

యాకమ్మ


దాదర్, బొంబాయి
ఏప్రిల్ 1986

వదినా,

క్యాసెట్ ముట్టింది. మేనేజరమ్మకు మొదటి నుంచి చివరి దాకా చెప్పాను, తక్కెడతో సహా. ఆమె నవ్వి నవ్వి కళ్లజోడు తుడుచుకుంది. "గాజులు తీయనన్నదా?" అని రెండుసార్లు అడిగింది. బోర్డు మార్చింది. 'కొత్తవాడ యాకమ్మ, కొమురెల్లి.' నీ పేరు ముందు.

ఇప్పుడు కిటికీలో మీరిద్దరూ ఒకే మగ్గం మీద పక్కపక్కన. నీ ముఖం నిండుగా పడింది. అన్న మాత్రం కెమెరా వైపు చూడడు, నీ చేతులే చూస్తూ నేస్తాడు. ఈసారి ఒక్క పోగు తెగలేదు. ఇద్దరు కూర్చుంటే గాని సాగని పెద్ద శత్రంజీ కదా అది, పార్శీ ముసలమ్మ చూడగానే తన హాలుకు అట్లాంటిదే కావాలన్నది. మేనేజరమ్మ కూడా సొసైటీకి ఆర్డరు రాసింది. చిన్నవి కావట, ఇద్దరు నేసే పెద్దవే కావాలట. అన్నను ఇక ఆ రేకు పెట్టెలో నూలు దాచుకోమను.

గాజులు గల్లుగల్లుమంటున్నాయి. ఎవరూ నవ్వడం లేదు, అడగడం లేదు. నిలబడి వింటున్నారు. ఇంకో ఏడాదికి ఇంకేదో కొత్త మిషన్ వస్తుందట, ఇప్పటి నుంచే చెబుతున్నారు. రానీ. ఖాజా పాషా అన్న వైరు తయారుగా పెట్టుకోమను.

అందులో ఏముందో చెప్పనన్నావు. మొదటిసారి నేనూ పట్టుకోలేదు. నీ ముఖమే చూస్తూ కూర్చున్నాను. రెండోసారి తిప్పినప్పుడు కనబడింది. బొమ్మ అంచున, నీ వైపు నుంచి, ఒక ముడతల చేయి వస్తుంది. నిండా చుట్టిన కండె నీ చేతిలో పెట్టి, ఖాళీది తీసుకుని వెనక్కి పోతుంది. నేను గుండీ నొక్కి ఆపాను.

కోడలు మగ్గం గుంటలో కాలు పెట్టొద్దన్న మా అమ్మ చేయి అది. వదినా, నేను దుకాణంలో అందరి ముందూ ఏడ్చేశాను. మేనేజరమ్మ పరుగెత్తుకొచ్చి, "మళ్లీ మిషన్ ఆగిపోయిందా?" అని అడిగింది.

నీ సరస్వతి